ఎనిమిదో చోటు

మాచర్ల నుంచి దుర్గికి పోయే కంకర రోడ్డు మీద, వానలు పడే నాలుగు నెలలు తప్పిస్తే, ఏడాది పొడవునా తెల్లటి దుమ్ము పరుచుకుని ఉండేది. అది మామూలు మట్టి దుమ్ము కాదు. సున్నపురాయి చక్రాల కింద నలిగి నలిగి పిండి అయిన దుమ్ము. ఎడ్లబండి పోతే ఇరుసు ఎత్తున లేచేది. బస్సు పోతే తాటిచెట్టంత లేచి, బస్సు కనుమరుగయ్యాక కూడా చాలాసేపు గాల్లోనే నిలబడి ఉండేది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఆ దుమ్ములో నడిచే మనుషులు నేలకు జానెడు ఎత్తున తేలిపోతున్నట్టు కనిపించేవారు.

1947 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ రోడ్డు మీద ఎనిమిది మోటారు సైకిళ్ళకు పందెం జరిగింది. యుద్ధం అయిపోయాక మిలటరీ వాళ్ళు తమ బళ్ళను ఊరూరా వేలం వేశారు. అట్లా పల్నాటికి కూడా కొన్ని చేరాయి. ఉన్నవాళ్ళ పిల్లలు కొందరు మద్రాసు నుంచి కొత్తవి తెప్పించుకున్నారు. బళ్ళున్న చోట ఎవరి బండి ముందు పోతుందన్న మాట రాకుండా ఉండదు కదా.

మరియదాసుకు సొంత బండి లేదు. అతనికి ఇరవై ఆరేళ్ళు. మాచర్లకు కోసెడు దూరంలో ఉన్న పాలెం అతనిది. మిషను బళ్ళో అయిదో తరగతి దాకా చదివి, పటాలంలో చేరి, ఈజిప్టు ఎడారిలో నాలుగేళ్ళు మోటారు సైకిలు మీద ఉత్తరాలు మోశాడు. ఒక గుడారం దగ్గర కాగితం ఇస్తే ఇంకో గుడారం దగ్గర అందించటం, అదే పని. ఇంటికి తిరిగొచ్చాక మాచర్లలో నూర్ మొహమ్మద్ రిపేరు షెడ్డులో చేరాడు.

నూర్ మొహమ్మద్ యాభై దాటిన మనిషి. బస్సు ఇంజను మీద పడి ఎడమ మోకాలు వంగకుండా పోయింది. బెజవాడ వేలంలో రెండు విరిగిన మిలటరీ బళ్ళు కొని, ఆరు నెలలు కూర్చుని, రెంటినీ కలిపి ఒకటి చేశాడు. పచ్చరంగు ఇంకా కొన్నిచోట్ల పోలేదు. దాన్ని మొదటిసారి నిలబెట్టిన రోజు మరియదాసు చేతికి హ్యాండిలు అందించి, "ఒరే దాసూ, దీన్ని పుట్టించింది నేను. నడక నేర్పేది నువ్వు," అన్నాడు. పెట్రోలు కూపన్ల మీద దొరికే రోజులు. ఫర్లాంగు దూరం నడిపి చూసి ఆపేశారు.

పందెం అనుకున్నది వెంకట్రామయ్య గారి అబ్బాయి పున్నారావు. వెంకట్రామయ్యకు వంద ఎకరాల మాగాణీ మెట్టా ఉండేది. ఊళ్ళో ఏ పంచాయితీ జరిగినా ముందు కుర్చీ ఆయనకే వేసేవారు. పున్నారావు గుంటూరులో చదువుకుని వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఏదైనా అడిగేలోపే అందటం అలవాటైన మనిషి. వెండి కప్పు తండ్రి ఇస్తానన్నాడు. పందేనికి పెద్దగా ఉండమని మాచర్ల స్టేషను మాస్టరు చెన్నకేశవులును అడిగారు, ఎందుకంటే ఊళ్ళో కచ్చితమైన గడియారం ఆయన దగ్గరే ఉంది.

చెన్నకేశవులు నిదానమైన మనిషి. మాచర్లతో రైలు పట్టాలు అయిపోతాయి. రోజుకు వచ్చేవి రెండు బళ్ళు. ఆ రెంటి మధ్య ఆయన బెంచీ మీద కూర్చుని, పట్టాలు ఆగిపోయే చోటు దాటి కనిపించే నల్లటి కొండల్ని చూస్తూ గంటలకు గంటలు గడిపేవాడు.

గురువారం మధ్యాహ్నం, రైలు వెళ్ళిపోయాక, మూడో తరగతి వెయిటింగు హాల్లో ఎనిమిది మందీ చేరారు. వెంకట్రామయ్య కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెన్నకేశవులు సుద్దముక్కతో గచ్చు మీద రెండు పొడుగాటి గీతలు గీశాడు.

"ఇది రోడ్డు. పన్నెండడుగులు. పక్కపక్కన రెండు బళ్ళకు మించి పట్టవు. రెండేసి చొప్పున నాలుగు వరసలు. వరసకీ వరసకీ మధ్య పది గజాలు," అని ఎనిమిది చుక్కలు పెట్టాడు. "మొదటి వరస వాళ్ళకి రోడ్డు కనపడుద్ది. రెండో వరసకి మొదటి వరస దుమ్ము కనపడుద్ది. నాలుగో వరసకి..." కాసేపు ఆ చివరి చుక్కలకేసి చూసి, "నాలుగో వరసకి ఏమీ కనపడదు," అన్నాడు.

అందరూ ఆ చుక్కల మీదికి వంగారు.

"ఎవరు ముందు, ఎవరు వెనకన్నది ఎట్టా తేలుస్తారు?" అన్నాడు గురజాల నుంచి వచ్చిన ఒక కుర్రవాడు.

పెద్ద ఇంజనున్న వాళ్ళు ముందుండాలని ఒకడన్నాడు. కాదు, చిన్న ఇంజను వాళ్ళకే ముందు చోటు ఇవ్వాలని ఇంకొకడు. ముందు పేరిచ్చినవాళ్ళు ముందు అని మరొకడు. వెంకట్రామయ్య చుట్ట తీసి, "కప్పిచ్చే ఇంటి బండి ముందుండటం మర్యాద," అన్నాడు నెమ్మదిగా.

చెన్నకేశవులు ఎవరి మాటా కాదనలేదు. "పై ఊళ్ళల్లో ముందురోజు ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా పరిగెత్తిస్తారంట. ఎవరు తక్కువ సేపట్లో వస్తే వాళ్ళకి మంచి చోటు. అదే అసలైన న్యాయం. కాని మనకి బండికి సీసాడు పెట్రోలే దొరికింది. ఇయ్యాళ పరిగెత్తితే ఆదివారం నడిపించుకుంటూ పోవాలి. కాబట్టి చీటీలు," అన్నాడు.

వాడేసిన రైలు టిక్కెట్లు ఎనిమిది తీసుకుని, వెనకవైపు నీలం పెన్సిలుతో అంకెలు వేసి, తన టోపీలో పోసి కలిపాడు. చీటీ తీయటంలో ఎవరు ముందన్న దాని మీద మళ్ళీ చిన్న తగాదా వచ్చింది. "ఆఖర్న పేరిచ్చినవాడు ముందు తీస్తాడు," అని తేల్చాడు చెన్నకేశవులు.

ఆఖర్న పేరిచ్చింది మరియదాసు. గోడకు ఆనుకుని నిలబడ్డవాడు ముందుకొచ్చి, చెయ్యి పెట్టి ఒక అట్టముక్క తీశాడు. ఎప్పుడో ఎవరో నడికుడి నుంచి మాచర్లకు వచ్చిన టిక్కెట్టు అది. వెనక్కి తిప్పాడు. ఒకటి.

ఎడారిలో ఉన్న నాలుగేళ్ళూ అతను ఎవరో ఒకరి వెనకే పోయాడు. ముందు లారీలు, టాంకులు, వాటి దుమ్ము. ముందు ఎవరూ లేని రోడ్డు ఎట్లా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు ఆ గచ్చు మీద నిలబడే చూశాడు. పొద్దుటి ఎండలో పాలలా తెల్లగా పరుచుకున్న రోడ్డు, దాని మీద ఒక్క చక్రం గీత కూడా లేదు.

మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తీశారు. మొదట పేరిచ్చిన పున్నారావుకు టోపీలో మిగిలిన ఆఖరి చీటీ వచ్చింది. ఎనిమిది. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"చీటీలు సరిగ్గా కలవలేదు మాస్టారూ. మళ్ళీ తీయించండి," అన్నాడు వెంకట్రామయ్య.

"కోసిన టిక్కెట్టు మళ్ళీ అమ్మటం నా చేత కాదండీ."

"పోనీ, ఇష్టపడి మార్చుకుంటే?"

చెన్నకేశవులు తడబడ్డాడు. ఆ సంగతి ఆయన ఆలోచించలేదు. "ఇష్టపడి ఇస్తే... నేను కాదనలేను గదా," అన్నాడు. ఆ మాట అన్నాక ఆయనకు బాగుండలేదు కాని, అప్పటికే వెంకట్రామయ్య లేచి వెళ్ళిపోతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మరియదాసు తల్లి గురవమ్మ షెడ్డుకొచ్చింది. మిరప కోత నుంచి అట్లాగే వచ్చింది. చేతులు మండుతుంటే కొంగుతో విదిలించుకుంటూ గుమ్మం దగ్గర కూర్చుంది. నూర్ మొహమ్మద్ కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు.

"పెదకాపు పిలిపించాడురా దాసూ," అంది నీళ్ళు తాగి.

"ఏందంట?"

"నీకేదో చీటీ వచ్చిందంట గదా. దాన్ని చినబాబుకి ఇమ్మన్నాడు."

"అడిగాడా? ఇమ్మన్నాడా?"

"అడిగాడులే. మంచం మీద కూసోని, నవ్వతానే అడిగాడు. ఉగాదికి మన చేను ఎవరికియ్యాలో చూద్దామని గూడా అన్నాడు. అదీ నవ్వతానే అన్నాడు."

వెంకట్రామయ్య పొలంలో ఎకరం చెక్క గురవమ్మ పదహారేళ్ళుగా పంటలో వాటా ఇచ్చే కోరుకు చేస్తోంది. మరియదాసు చేతిలోని రెంచీ కింద పెట్టాడు.

"ఇయ్యబాకురా!" అని అరిచాడు నూర్ మొహమ్మద్. "అల్లా నీ చేతిలో పెట్టిన చోటు అది..." గురవమ్మ ముఖం చూసి మిగతా మాట మింగేశాడు. స్పానర్లు ఏరుకుంటూ పక్కకు వెళ్ళాడు.

"ముందు చోటంటే ఏందో నీకు తెలుసా అమ్మా?" అన్నాడు మరియదాసు.

"ఎందుకు తెలవదురా?" అంది గురవమ్మ. "ఆ రోడ్డుకి కంకర కొట్టింది నేను. నువ్వప్పుడు జోలెలో ఉన్నావు. గాలొచ్చే దిక్కున కూసున్నోళ్ళకి కళ్ళు నిలిచేయి. అవతల కూసున్నోళ్ళ కళ్ళలోకి రాతిపొడంతా పోయేది. ఆ మంచి చోటు కోసం కోడికూతకే లేచి పొయ్యేదాన్ని. దక్కిన రోజు దక్కేది."

"దక్కని రోజు?"

"కళ్ళు మూసుకోని కొట్టేదాన్ని. సుత్తి మోతే చెప్పుద్ది గదా, రాయి పగిలిందో లేదో."

ఆమె కుడికంట్లో పువ్వు వేసి చాన్నాళ్ళయింది. ఆ తెల్లటి కన్ను, రెండో కన్ను, రెండూ అతన్నే చూస్తున్నాయి.

"నేను ఇయ్యమనీ చెప్పను, వద్దనీ చెప్పను. చెప్పమన్న మాట చెప్పాను," అని లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

శనివారం మరియదాసు స్టేషనుకు వెళ్ళాడు. ప్లాటుఫారం దగ్గర బండి ఆగి నిద్రపోతున్నట్టుంది. ఇంజనులోంచి ఆవిరి అప్పుడప్పుడూ నిట్టూర్పులా వస్తోంది. చెన్నకేశవులు బెంచీ మీద ఉన్నాడు. మరియదాసు టిక్కెట్టు ఆయన పక్కన పెట్టాడు.

"చినబాబుకి ఇస్తన్నా సార్."

"ఇష్టపడే ఇస్తున్నావా?"

"ఇస్తన్నా సార్."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పగలిగింది అదే సార్."

చెన్నకేశవులు నోటుబుక్కు తెరిచి, ఒకటో నంబరుకు ఎదురుగా ఉన్న పేరు కొట్టేయటానికి పెన్సిలు ఎత్తి, చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. చివరికి కొట్టేశాడు. సాయంత్రం పున్నారావు వచ్చి ఆ టిక్కెట్టు తీసుకున్నాడు. దారిలో మరియదాసు ఎదురైతే, "చానా మంచిపని చేశావోయ్ దాసూ," అన్నాడు హుషారుగా. ఎందుకిచ్చావని అడగలేదు. వాకిట్లోకి వెళ్తుంటే ఎవరో తలుపు తీసి పట్టుకున్నప్పుడు మనిషి ఎంత తేలిగ్గా లోపలికి పోతాడో, అంత తేలిగ్గా పోయాడు.

ఆదివారం పొద్దున రోడ్డుకు రెండువైపులా జనం. బళ్ళు విప్పి, ఎడ్లను చేలల్లో కట్టేశారు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా మెరుస్తున్నాయి. మంచు తడికి దుమ్ము అణిగి ఉన్న వేళకే పందెం మొదలుకావాలి. సరేనని చెప్పాల్సిన రోడ్డు ఓవర్సీరు రావటం ఆలస్యమై ఎనిమిదయింది. అప్పటికి మంచు ఆరిపోయింది. చెన్నకేశవులు సుద్దతో రోడ్డు మీద గీతలు గీసి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, ఎవరి గీత మీద వాళ్ళను నిలబెట్టాడు. మరియదాసును ఎనిమిదో గీత మీద నిలబెట్టేటప్పుడు అతని ముఖంలోకి చూడలేకపోయాడు.

ముందు ఆరు వీపులు. వాటన్నిటికీ ముందు, ముప్ఫై గజాల అవతల, పున్నారావు తెల్లచొక్కా. మరియదాసు తడిగుడ్డ ముక్కుకు కట్టుకున్నాడు.

రైలు పచ్చజెండా దిగింది.

ఎనిమిది ఇంజన్లు ఒక్కసారిగా మోగాయి. జనం కేకలు, చెట్లు, ఎర్రటి కల్లాలు, అన్నీ ఒక్క క్షణం కనిపించాయి. తర్వాత ఏమీ లేదు. తెలుపు.

అతను అంతకుముందు ఎడారి దుమ్ము చూశాడు. అది పసుపుపచ్చగా, వేడిగా, కోపంగా ఉండేది. ఇది అట్లా లేదు. మెత్తగా, చల్లగా, పత్తి ఏకుల్లోకి దూరినట్టుంది. ముందు చక్రం కూడా కనిపించటం లేదు. పైన సూర్యుడు పగటి చంద్రుడిలా పాలిపోయి, వెంటవెంట వస్తున్నాడు. తను ముందుకు పోతున్నట్టు లేదు. తను కదలకుండా ఉంటే రోడ్డే కిందినుంచి వెనక్కి జారిపోతున్నట్టుంది.

కళ్ళు చికిలించటం మానేశాడు. అవి చేసే పని అక్కడేమీ లేదు. వినటం మొదలుపెట్టాడు. చక్రాల కింద కంకర టకటకమంటోంది. కొత్త కంకర పోసిన చోట మోత సన్నగా ఉంది. బండి గాడి పడ్డ చోట బొంగురుగా ఉంది. అంచు దగ్గరికి పోతే మెత్తబడి మాయమైపోతోంది. మోత ఉన్నంతసేపూ రోడ్డు మీద ఉన్నట్టే. చింతచెట్ల మధ్యకు రాగానే ఇంజన్ల శబ్దం ముడుచుకుంది. రెండో మైలు. శబ్దం మళ్ళీ విచ్చుకుంది. బయలు. ఈ రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా ఆడవాళ్ళ చేతుల్లో పగిలినవి. ఇందులో అమ్మ కొట్టినవి ఎన్నో అనుకున్నాడు. ఆ టకటకలో ఆమె పక్కన కూర్చున్నట్టే అనిపించింది. అతనికి భయం వేయలేదు. తొందర కూడా వేయలేదు. కాని చెయ్యి మాత్రం తనంతట తానే వేగం పెంచుతూ పోయింది.

ఎడమవైపు ఒక ఇంజను దగ్గుతూ వినిపించింది. దానికి కుడిగా తప్పుకున్నాడు. ఒక నీడ కలలోని మనిషిలా పక్కకొచ్చి వెనక్కి కరిగిపోయింది. తర్వాత ఇంకొకటి. మూడో మైలు దాటాక, దుమ్ము ఒక్క క్షణం పలచబడ్డ చోట, రోడ్డు పక్కన ఒక మనిషి, గురజాల కుర్రవాడు, పడిపోయిన బండి మీద కాలు చాపుకు కూర్చుని, దెబ్బేమీ తగలనట్టు పకపకా నవ్వుతున్నాడు. ఆ నవ్వు తెల్లదనంలో కొంతదూరం అతని వెంటే వచ్చింది. మలుపులో పక్కపక్కనే పోతున్న రెండు బళ్ళ గొంతుల మధ్య సందు విని, ఆ సందులోంచి దూరాడు. తన మోచెయ్యి ఎవరి భుజానికో రాసుకుంది. "ఎవడ్రా అది?" అన్న కేక వెనకబడింది. అయిదో మైలు దగ్గర ఇంకొకణ్ణి దాటాడు.

ఆరో మైలు దగ్గర వాగు ఉంది. రోడ్డు మీదుగా చీలమండ లోతు నీళ్ళు పారుతుంటాయి. నీళ్ళ చప్పుడు ముందే వినపడింది. ఆ క్షణంలోనే అతను తెల్లదనంలోంచి బయటికి వచ్చి పడ్డాడు.

లోకం మళ్ళీ పుట్టినట్టయింది. నీలం ఆకాశం. పచ్చటి జొన్న. రెండు చక్రాల పక్కన రెక్కల్లా లేచిన నీళ్ళు, వాటిలో రంగులు. వాగు అవతల గట్టు ఎక్కుతూ ఒకే ఒక్క తెల్లచొక్కా.

అప్పటిదాకా ఎన్ని బళ్ళు దాటాడో అతను లెక్కపెట్టలేదు. అందర్నీ దాటేశాడన్న సంగతి అప్పుడే తెలిసింది. నలభై గజాలు. గాలి దక్షిణం నుంచి వస్తోంది. పున్నారావు లేపిన దుమ్ము ఎడమ చేలల్లోకి పోతోంది. మరియదాసు కుడి అంచు పట్టుకున్నాడు. ముప్ఫై. పాతికకు వచ్చేసరికి దుర్గి శిల్పుల పాకలు కనిపించాయి. పాకల ముందు సగం చెక్కిన నందులు, ముఖాలు ఇంకా రాని దేవుళ్ళు, రోడ్డుకేసి తిరిగి వరసగా నిలబడి ఉన్నాయి. ఇరవై. పదిహేను. పున్నారావు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తన వెనక ఎవరైనా ఉంటారన్న ఊహే అతనికి లేదు.

పందెం ముగిసే గీత దగ్గర ఒక ముసలి శిల్పి ఎర్రగుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. పున్నారావు బండి గీత దాటగానే గుడ్డ ఎత్తాడు. వెంటనే తల తిప్పి, రెండో బండి ఎక్కడుందో చూశాడు. మరియదాసు ముందు చక్రం ఒక నంది పక్కన ఉంది. అందరూ కేకలు వేస్తుంటే ముసలాయన తాపీగా కొలతాడు తీసి, నంది నుంచి గీతదాకా కొలిచాడు.

"పది గజాలు," అన్నాడు.

జనంలో ఎవరో అన్నారు, "వాడు ముప్ఫై గజాలు వెనక నించి గదా బయల్దేరింది?" ఆ మాట నోటినుంచి నోటికి పాకింది. దాన్ని విడమరిచి చెప్పనక్కర లేకపోయింది.

పున్నారావు బండి ఆపి, నవ్వుతూ వెనక్కి తిరిగాడు. తల నుంచి కాళ్ళదాకా తెల్లగా, ఆ ముఖం లేని దేవుళ్ళలో ఒకడు లేచి వచ్చినట్టు, మరియదాసు నిలబడి ఉన్నాడు. కళ్ళు రెండే నల్లగా ఉన్నాయి. పున్నారావు నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది.

పెట్రోలు అయిపోయింది కాబట్టి మోటారు సైకిళ్ళను ఎడ్లబళ్ళకు ఎక్కించి వెనక్కి తెచ్చారు. పున్నారావు కోసం పరుపు వేసిన బండి వేరే పెట్టారు. అతను దాన్ని వదిలేసి మరియదాసు కూర్చున్న బండి ఎక్కాడు. బండితోలే మనిషి వెనక్కి చూసి, ఎడ్లను అదిలించాడు. పొద్దున రెప్పపాటులో వెళ్ళిపోయిన రోడ్డు ఇప్పుడు ఒక్కొక్క రాయిగా వెనక్కి నడుస్తోంది.

"ఎందుకిచ్చావు దాసూ?"

"పెదకాపు కబురంపాడు బాబూ."

"నాకు తెలవదు."

"తెలిసినా తెలవకపోయినా చోటు చోటే గదా."

"చేను మాట ఏమన్నా అన్నాడా?"

"అమ్మతో అన్నాడంట."

బండి వాగు దాటింది. పున్నారావు చిన్నపిల్లాడిలా అడిగాడు, "ఆ దుమ్ములో నీకెట్టా కనపడింది?"

మరియదాసు చెప్పాడు. చింతచెట్ల కింద శబ్దం ముడుచుకోవటం, పగటి చంద్రుడు, కంకర మోత, గురజాల కుర్రవాడి నవ్వు. చెబుతుంటే అదంతా తనకు జరిగినట్టు కాక, తను ఎప్పుడో విన్నట్టుంది. పున్నారావు మోకాళ్ళు ముడుచుకుని వింటూ కూర్చున్నాడు. "నాకు ఉత్త రోడ్డే కనపడింది," అన్నాడు చివరికి.

సాయంత్రం స్టేషను ముందు సభ. వెంకట్రామయ్య కప్పు అందించబోతే పున్నారావు చేతులు చాపలేదు.

"నాకొచ్చిన చీటీ ఎనిమిది నాన్నా. ఒకటి కాదు. ఇది నేను పుచ్చుకోను."

"ఏందిరా ఆ మాటలు? పదిమందిలో!"

"పదిమందిలోనే పరిగెత్తాం గదా."

వెంకట్రామయ్య కప్పు బల్ల మీద పెట్టి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మరియదాసుకు ఇవ్వబోతే అతనూ వద్దన్నాడు. ముందు గీత దాటింది తను కాదన్నాడు. కప్పు స్టేషను బీరువాలో ఉండిపోయింది. చెన్నకేశవులు దీపం పెట్టే వేళకు నోటుబుక్కు తీసి, పందెం నియమాల కింద ఒకటి కలిపాడు: చీటీలో వచ్చిన చోటు వచ్చినవాడిదే. ఇవ్వటానికి గాని, పుచ్చుకోవటానికి గాని, మార్చుకోవటానికి గాని ఎవరికీ హక్కు లేదు. రాసి, తన పేరు కింద తేదీ వేశాడు. రాసినంత మాత్రాన మనసు కుదుటపడలేదు. అయినా రాశాడు.

ఉగాదికి వెంకట్రామయ్య చేను ఇంకొకరికి ఇచ్చాడు. కొడుకు మీది కోపం అట్లా తీర్చుకున్నాడని ఊరంతా అనుకుంది. పున్నారావు తండ్రితో పోట్లాడి మూడు నెలలు గుంటూరులో ఉండి వచ్చాడు గాని, చేను మాత్రం తిరిగి రాలేదు. గురవమ్మ రెండురోజులు దిగులుపడి, మూడోరోజు కొడవలి అటక మీద పెట్టి, షెడ్డు పక్క పాకలోకి మకాం మార్చింది. మధ్యాహ్నం బస్సు దిగేవాళ్ళకు జొన్నరొట్టెలు చేసి అమ్మటం మొదలుపెట్టింది. మరియదాసు చాలారోజులు ఆ ఎకరం వైపు పోలేదు. తర్వాత ఒకరోజు పోయి గట్టు మీద నిలబడ్డాడు. బాధ కలగాలి గాని, భుజం మీది బరువేదో దిగినట్టయింది. ఇక తన దగ్గర అడిగి తీసుకోవటానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

ఆ మరుసటి ఏడాది పందెం జరగలేదు. కృష్ణ అవతల నైజాంలో గొడవలు జరుగుతున్నాయని రోడ్ల మీద పోలీసుల్ని పెట్టారు. 1949లో మళ్ళీ జరిగింది. ఈసారి పన్నెండు బళ్ళు, ఆరు వరసలు. చెన్నకేశవులు జుట్టు తెల్లబడింది. చీటీలు తీసేముందు తను రాసిన నియమం గట్టిగా చదివాడు. పున్నారావుకు తొమ్మిది వచ్చింది. మరియదాసుకు అయిదు వచ్చింది. చీటీలకూ పందేనికీ మధ్య రెండు రోజుల్లో షెడ్డుకు ఎవరూ కబురు పంపలేదు.

ఆ ఆదివారం పొద్దున మూడో వరసలో ఎడమవైపు గీత మీద నిలబడ్డాడు. ముందు నాలుగు వీపులు, వెనక ఆరు ఇంజన్ల మోత. పక్కన ఆరో గీత మీద పిడుగురాళ్ళ కుర్రవాడు ఎవరో, మొదటి పందెం కాబోలు, పెదాలు తడుపుకుంటున్నాడు.

"దుమ్ములో ఏం చెయ్యాలన్నా?" అని అడిగాడు వాడు.

"కళ్ళ మీద ఆశ పెట్టుకోకు. రాళ్ళ మోత ఆగిందంటే రోడ్డు దిగావన్నట్టు," అన్నాడు మరియదాసు. తడిగుడ్డ ముక్కుకు బిగించుకుని, జెండాకేసి తిరిగాడు.

ఆ ఏడాది అతను మూడోవాడిగా వచ్చాడు.